చవుటి మట్టిలో పసుపు గీత

మొన్న మంగళవారం మా మనవడు బడిలో బహుమతి పుచ్చుకుని వచ్చాడని మా కోడలు వాడికి దిష్టి తీసి, గుప్పెడు ఉప్పు వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఉప్పు చిటపటలాడింది, మంట ఒక్కసారి పసుపుపచ్చగా పైకి లేచింది. ఎనిమిదేళ్ళవాడు, ప్రతిదానికీ కారణం కావాలి వాడికి. మంట ఎందుకలా పసుపు పూసుకుందని తల్లిని అడిగితే, నీకు తగిలిన కళ్ళన్నీ కాలిపోతున్నాయిరా అని ఆవిడ నవ్వేసింది. వాడికి ఆ జవాబు చాలలేదు, నా వైపు తిరిగాడు. నేను జపమాల వెతుక్కునే మిషతో లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. కారణం తెలియక కాదు. ఈ వీధి మొత్తం మీద ఆ కారణం తెలిసిన ముసలిది నేనొక్కతెనే అయి ఉంటాను. తెలుసు కనకనే లేచిపోయాను.

నా ఈడువాళ్ళకి చెబితే ఆ రోజులు ఇట్టే కళ్ళ ముందుకొస్తాయి. గోదావరి మీద వంతెన లేదు. మా పుట్టిల్లు నరసాపురానికి ఇంకా దిగువన, సముద్రపు హోరు వినబడేటంత దగ్గరగా ఉన్న ఊరు. అక్కడి నుంచి కాలవ పడవలో విజ్జేశ్వరం దాకా రావాలి, గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ నిద్రపోతున్నట్టు కదిలేది. ఆ తరవాత గోదావరి దాటి రాజమండ్రి చేరేసరికి కాపురానికి వచ్చే పిల్లకి ఏడుపు కూడా అలిసిపోయి ఆగిపోయేది. నేనూ అలాగే వచ్చాను. వచ్చేసరికి మావారు అప్పుడప్పుడే ఉద్యోగంలో కుదురుకుంటున్నారు. కాలేజీలో పదార్థ విజ్ఞానం చెప్పేవారు, అంటే వెలుగు, వేడి, శబ్దం వగైరాల సంగతి. చెన్నపట్నంలో చదువుకుని వచ్చినవారు, దొరల ఎదుట తడబడకుండా మాట్లాడేవారు, పెళ్ళానికి చదువు చెబుతాడని ఊళ్ళో నలుగురూ చెవులు కొరుక్కునేవారు కూడానూ.

ఆ చెవులు కొరుక్కోవడంలో అబద్ధమేమీ లేదు. మా నడవ గది కిటికీ తలుపు మూసి, దానికి చిన్న బెజ్జం పెట్టి, అందులోంచి పడిన ఎండకి ఆయన మూడు పలకల గాజుముక్క అడ్డం పెట్టారు ఒకనాడు. ఎదురు గోడ మీద ఎరుపు నుంచి ఊదా దాకా రంగులు పరుచుకున్నాయి. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మా అత్తగారు మాత్రం అదేదో అంజనం వేసి పాతర్లు కనిపెట్టే విద్య అనుకుని, మన ఇంటి నేలలో ఏమైనా కనబడిందా అని చాలాకాలం నన్ను చాటుగా అడుగుతూ ఉండేవారు.

తెల్లటి వెలుగు ఒక్కటి కాదట, అందులో అన్ని రంగులూ కలిసి ప్రయాణం చేస్తాయట. పసుపుకొమ్ము మీద ఆ వెలుగు పడితే కొమ్ము నీలాన్ని మింగేసి తక్కినదాన్ని తిప్పి పంపేస్తుందట. అంటే మనం దాని రంగు అనుకుంటున్నది అది వద్దనుకున్నదే కదండీ అన్నాను. ఆయన ఎంత మురిసిపోయారో, ఆ మాట మరునాడు పాఠంలో చెప్పారట కూడా, ఎవరన్నారో మాత్రం చెప్పకుండా.

ఆ తరవాత కొన్నేళ్ళకి కాలేజీకి ఒక ఇత్తడి గొట్టం వచ్చింది. దానికి ఒక చివర వెంట్రుకంత సందు, లోపల గాజు పలకలు, రెండో చివర కన్ను పెట్టుకునే చోటు. సెలవుల్లో ఇంటికి తెచ్చేవారు. స్పిరిటు దీపం నీలి మంటలో సన్నని తీగతో చిటికెడు ఉప్పు పెట్టి గొట్టంలోంచి చూడమన్నారు. రంగుల పట్టీ ఏమీ లేదు, చీకట్లో ఒకే ఒక్క పసుపు గీత, నిప్పుతో గీసినట్టుంది. ప్రతి పదార్థమూ కాగి వెలిగినప్పుడు తనదైన గీతలే ఇస్తుంది, ఒకదాని చోటు ఇంకొకటి తీసుకోదు, ఇది మాత్రం ఉప్పులో ఉండే సోడియం అనే లోహానిది అని చెప్పారు. తరవాత అదే గొట్టాన్ని పగటి ఆకాశం వైపు తిప్పారు. ఈసారి రంగులన్నీ ఉన్నాయి, మధ్య మధ్య సన్నటి నల్లగీతలు ఉన్నాయి. సరిగ్గా ఆ పసుపు గీత ఉండవలసిన చోట వెలుగు లేదు, నల్లగా ఉంది. ఏ పదార్థం కాగి ఏ వెలుగు ఇస్తుందో, అదే పదార్థం ఆవిరై, తనకంటే వేడిగా ఉన్న వెలుగు దారికి అడ్డం నిలబడితే సరిగ్గా ఆ వెలుగునే మింగేస్తుందట. సూర్యుడి చుట్టూ ఆవిరిలో అది ఉంది కనక అక్కడ ఆ గీత నల్లబడిందట. అయితే సూర్యుడింట్లోనూ ఉప్పుందన్నమాట, వంటకి లోటు లేదు అన్నాను. ఇద్దరం ఎంతసేపు నవ్వుకున్నామో! నా జన్మలో అంత సంతోషం మళ్ళీ ఎరగను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే ఒళ్ళు మండుతోంది, అయినా నిజం కనక రాస్తున్నాను.

ఇక్కడ మా పుట్టింటి చాకలి సంగతి చెప్పాలి. మా పెళ్ళి ఊరేగింపులో పల్లకీ ముందు దివిటీ పట్టి నడిచినవాడు. నేను కాపురానికి వస్తుంటే పడవరేవు దాకా నా పెట్టె మోసుకొచ్చినవాడు. మనిషి పొడుగరి, మాట తక్కువ, బట్ట మీద మాత్రం మహా మోజు. మా అమ్మ చీరల మీద మరక కనబడితే తన ఒంటికి అంటినట్టు బాధపడిపోయేవాడు. మా వైపు చాకళ్ళు బట్టలు ఉడకబెట్టడానికి చవుడు వాడతారని మీకు తెలుసు. పొలాల చివర తెల్లగా పొంగి ఉండే ఆ మట్టిని గీకి తెచ్చి, నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ తేట నీళ్ళు కుండల్లో పోసి ఉంచుకుంటారు. బట్టలు ఆ నీళ్ళలో నానేసి ఆవిరికి పెడితే మురికి విడుస్తుంది. వాళ్ళ తాతముత్తాతల నుంచీ అదే పద్ధతి.

సముద్రం పక్కన ఉప్పుమట్టి గీకి, నీళ్ళలో కలిపి, వడగట్టి, కుండల్లో పోసుకుని ఉప్పు వండుకోవడమూ అదే పద్ధతి. తేడా అల్లా అది నేరం. ఉప్పు సర్కారు వారిది, వారి కొఠార్లోంచి కొనుక్కోవాలి, దోసెడు ఉప్పు ఇంట్లో చేసుకుంటే దొంగతనంతో సమానం. ఉప్పు బంట్రోతులు పల్లెల్లో తిరిగి కుండలు బద్దలుకొట్టి ముసలమ్మలను కూడా లాక్కుపోయేవారు, ఇవన్నీ మీరూ చూసినవే. ఒక ఏడు ఎండాకాలంలో వాళ్ళు మా ఊరి చాకిరేవు మీద పడ్డారు. మా చాకలి ఇంట్లో చవుడు గుట్ట ఉంది, తేట నీళ్ళ కుండలున్నాయి. ఉప్పు కాదు బాబూ, బట్టలకి అని వాడు మొత్తుకున్నా వినకుండా కట్టి తీసుకుపోయారు.

మామూలుగా అయితే మా నాన్నగారో మునసబుగారో నాలుగు మాటలు చెబితే వదిలేసేవారే. కానీ ఆ ఉప్పుశాఖలో కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన బాగా చదువుకున్నవాడు. రాజమండ్రిలో మావారు నలుగురినీ పోగుచేసి ఇచ్చిన ఉపన్యాసం విన్నాడు, ఆ గొట్టంలో ఉప్పు గీత తన కళ్ళతో చూశాడు. నోటి సాక్ష్యాలు దేనికి, వెలుగునే సాక్ష్యం అడుగుదాం అని ముచ్చటపడి, ఆ చవుడు మూటకట్టి కాలేజీకి పంపించాడు. మావారు తీగకి అద్ది మంటలో పెట్టారు. పసుపు గీత ధగధగలాడింది. ఉప్పు గీత కనబడిందని రాసి సంతకం పెట్టి ఇచ్చారు. అది ఎవరి మట్టో, ఏ ఊరిదో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. కాలేజీ పెద్దదొర ఆయన భుజం తట్టాడు. జిల్లాలో ఇటువంటిది ఇదే మొదలన్నారు. పై ఉద్యోగం ఖాళీ కాబోతోందనీ, దానికి ఈయన పేరే వెళుతుందనీ చెప్పుకున్నారు. నేను పాయసం వండాను.

ఆ పాయసం గిన్నెలు తోమకముందే అన్నట్టుగా చాకలి పెళ్ళాం మా పెరటి గుమ్మంలో కూలబడింది. మా అన్నయ్య తీసుకొచ్చాడు దాన్ని. విచారణ రాజమండ్రిలోనే అని తెలిసి ఇద్దరూ పడవెక్కి వచ్చారు. అమ్మాయిగారూ, అల్లుడుగారు మా సవుట్లో ఉప్పుందన్నారంటండీ అంది. అంతే, ఏడవనైనా లేదు. ఆ మూటలో మట్టి ఎవరిదో అప్పుడు తెలిసింది నాకు.

ఆ మధ్యాహ్నం ఆయన గొట్టం బయటికి తీశారు. నేను అడగ్గానే తీశారు, ఆ మాట దాచకూడదు. ఉప్పు పెట్టారు, గీత. కాలేజీ సీసాలోని చాకలి సోడా పెట్టారు, అదే చోట అదే గీత. పొయ్యిలో బూడిద పెట్టారు, అదీ అంతే. చివరికి తీగని ఎర్రగా కాల్చి శుభ్రం చేసి, చెమటపట్టిన వేలితో ఒకసారి ముట్టుకుని మంటలో పెట్టారు. మళ్ళీ గీత. ఉత్త వేలు! మంట వేడికి పదార్థం విడిపోతుంది, లోపలి సోడియం ఒంటరిగా వెలుగుతుంది, ఆ గీత దానిదే తప్ప ఉప్పుది కాదు, సోడాది కాదు. నాకు అర్థమైనంతలో చెప్పాలంటే, ఇంట్లో ఎవరున్నారో ఆ వెలుగు చెబుతుంది గాని వాళ్ళు ఎవరితో కాపురం చేస్తున్నారో చెప్పదు. తరవాత మూటలో మిగిలిన చవుడు కలిపిన నీళ్ళలో పుల్లటి ఆమ్లం ఏదో పోస్తే బుసబుసా పొంగింది. ఉప్పు అలా పొంగదట. అక్కడున్నది దాదాపు అంతా సోడాయే. ఆయన చాలాసేపు ఆ దీపం ఆర్పకుండా అలాగే కూర్చున్నారు.

మళ్ళీ రాసివ్వండి అన్నాను. అక్కర్లేదు, కోర్టుకి నన్నే పిలిచారు, అక్కడే చెబుతాను అన్నారు. నేను పెరట్లోకి వెళ్ళి చాకలి పెళ్ళాంతో నీ మొగుడు బయటపడతాడే అని చెప్పాను. అది నా రెండు కాళ్ళూ పట్టుకుంది.

విచారణకి మా అన్నయ్య వెళ్ళాడు, అక్కడ జరిగింది అక్షరం పొల్లుపోకుండా వాడే చెప్పాడు. మావారు కోటూ తలపాగా వేసుకుని నిలబడ్డారట. పెద్దదొర కూడా వేడుక చూడడానికి వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడట. ఈ మట్టిలో ఆ గీత కనబడిందా అని సర్కారు ప్లీడరు అడిగారు. కనబడిందండి అన్నారు. అసలు ఉప్పులోనూ అదే గీత కనబడుతుందా అని అడిగారు. కనబడుతుందండి అన్నారు. చాకలికి ప్లీడరు లేడు, మూడో ప్రశ్న అడిగే దిక్కు లేదు. మావారు కాసేపు అక్కడే నిలబడ్డారట, ఎవరైనా ఇంకేమైనా అడుగుతారేమోనన్నట్టు. ఎవరూ అడగలేదు. దిగి వచ్చేశారు. చాకలికి నెలల తరబడి జైలు పడింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. చెప్పారా అన్నాను. అడిగినదానికి చెప్పాను, ఒక్క అబద్ధమాడలేదు అన్నారు. ఆ రోజు చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను, నమ్మితే నమ్మండి. ఆయన మాత్రం నేను కావాలని చేశాననుకున్నారు కాబోలు, ఉప్పు అడగకుండా చప్పిడి చారుతోనే ముగించి లేచారు, ఆ తరవాత ఎన్నేళ్ళు కాపురం చేసినా ఆ సంగతి ఎత్తలేదు.

ఎందుకు చెప్పలేదంటారా? నాకు మొదట్లో పెద్దపెద్ద కారణాలు తోచేవి. ఉద్యోగం పోతుందేమో, దొరకి కోపం వస్తుందేమో అని. తరవాత తరవాత తెలిసింది, అవేమీ కావు. నలుగురి ముందు నా మొదటి మాట తప్పండి అనడానికి నామోషీ. అంతే. ఆ కోటు మీద, ఆ తలపాగా మీద అంత మాట పడడం ఆయనకి చేతకాలేదు. నేను వెళ్ళి చెబుదామంటే ఆ రోజుల్లో మా ఇంటి ఆడది వీధి అరుగు దిగితేనే వింత, కోర్టు గడప ఎక్కి మా ఆయనకి తెలిసింది చెప్పించండి అంటే పిచ్చెక్కిందని గదిలో పెట్టి తాళం వేసేవారు. మా అన్నయ్యని ఆ ఉప్పుశాఖ అధికారి దగ్గరికి పంపాను. తీర్పయిపోయింది, పండితులే చెప్పాక మీదేమిటి అని తోలేశాడట.

చాకలి పెళ్ళాం ఆ నెలలన్నీ రాజమండ్రిలోనే ఉండిపోయింది. మా ఇంట్లో ఉండమంటే ఉండలేదు. రేవులో ఎవరివో బట్టలు ఉతుక్కుని, జైలు గోడ కనబడే చోట చెట్టు కింద వండుకునేది. ఏ పర్వం నాడో గోదావరి స్నానానికి వెళ్ళే దారిలో నేను ఎదురైతే తలవంచుకుని పక్కకి తప్పుకునేది, తనే ఏదో తప్పు చేసినట్టు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నా ప్రాణం కాస్త కుదుటపడేది.

వాడు విడుదలైన రోజు ఇద్దరూ మా పెరటి వైపు వచ్చారు. పొడుగరి మనిషి వంగిపోయాడు, తల గొరిగేసి ఉంది. మావారు నూతి దగ్గర పళ్ళు తోముకుంటున్నారు. వాడు దూరంగా నిలబడి దణ్ణం పెట్టి, అల్లుడుగారండీ, నా సవుట్లో ఏటుందో తవరు గొట్టం పెట్టి సూశారంట గదండీ, ఏటుందండీ అని అడిగాడు. వాడి గొంతులో కోపం లేదు. కోర్టులో ఎవరూ అడగని ప్రశ్న, ఇన్ని నెలలు మోసి తెచ్చి అడిగాడు. మావారు చెంబు కింద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, లోపలికి వెళ్ళిపోయారు. నేను ఆగలేక, సోడాయేరా, ఉప్పు కాదు అన్నాను. వాడు నా వైపు చూసి, అది నాకు తెల్సు గదమ్మా, ఆరికి తెల్సా అని అడిగానండీ అన్నాడు.

తెలుసురా అని అనలేకపోయాను. అన్నా అనకపోయినా వాడికి అర్థమైంది. మా వాళ్ళ ఊరికి ఇంక వెళ్ళనన్నాడు. దొంగ ఉప్పు చేసినవాడని పేరు పడ్డాక ఏ ఇంటి ముందుకెళ్ళి మూట అడగమంటారండీ అంది వాడి పెళ్ళాం. కాకినాడ వెళ్ళి రంగూన్ ఓడ ఎక్కుతామన్నారు. అప్పట్లో మన వైపు నుంచి ఎందరు అలా ఎక్కారో, ఎందరు దిగారో ఎవరికీ లెక్క లేదు. తరవాత వాళ్ళ కబురు లేదు. అక్కడ బియ్యం మిల్లుల్లో మోత పనిచేస్తూ పోయాడని ఒకరన్నారు, కాదు, ఎవరో దొరగారి బట్టలు ఉతుకుతున్నాడని ఇంకొకరన్నారు. రెండో మాటే నిజం కావాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మా పుట్టింటి ఊళ్ళో మిగిలిన చాకళ్ళు చవుడు ముట్టడానికి భయపడిపోయి ఉత్త నీళ్ళలో బాది తెచ్చేవారు. మా అమ్మ పోయేదాకా ఆవిడ తెల్ల చీరలు బూడిదరంగులోనే ఉండేవి. ఆవిడకి కారణం తెలుసు, నా ఎదుట ఎప్పుడూ అనలేదు.

మావారికి పై ఉద్యోగం వచ్చింది. ఎన్నో ఏళ్ళు చేశారు, మంచి పేరు తెచ్చుకున్నారు. ఇత్తడి గొట్టం మళ్ళీ ఇంటికి తీసుకురాలేదు, నేను అడగలేదు. పిల్లల చదువులూ, పెళ్ళిళ్ళూ, పురుళ్ళూ అన్నీ సవ్యంగానే నడిచాయి, ఒకరినొకరం కష్టపెట్టుకున్నదీ లేదు. కానీ ఏ సంగతైనా సరే ఆయన నిజమండీ అని ఎవరితోనైనా అంటుంటే నేను ఆ గదిలో ఉండేదాన్ని కాదు.

ఆయన పోయాక పరామర్శకి వచ్చిన పూర్వ విద్యార్థి ఒకాయన, ఇప్పుడు తనూ పాఠాలే చెబుతున్నాడు, ఆయన్ని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటూ ఒక సంగతి చెప్పాడు. ఏడాదికొకసారి ఆ పసుపు గీత పాఠం వచ్చినప్పుడు మాత్రం గురువుగారు మనిషే మారిపోయేవారట. బల్ల గుద్ది మరీ చెప్పేవారట, ఈ గీత సోడియం ఉందని చెబుతుంది గాని ఉప్పు ఉందని చెప్పదు, ఎంత ఉందో అంతకంటే చెప్పదు, ఈ ముక్క రాయనివాడికి నా దగ్గర మార్కులు లేవు అని. ఎందుకంత పట్టుదలో మాకు తెలిసేది కాదమ్మా అన్నాడు. నేను జపమాల తిప్పుతూ కూర్చున్నాను. అతను నేను దుఃఖంలో ఉన్నాననుకుని మెల్లిగా లేచి వెళ్ళిపోయాడు. ఎన్నో ఏళ్ళ పాటు, ఏడాదికొకసారి, అవసరం లేని పిల్లలందరికీ ఆయన ఆ మాట చెప్పారన్నమాట! అది విని నా మనసు కరిగిందని రాస్తే బాగుండేది. కరగలేదు.

ఇప్పుడు రైలు గోదావరి మీద నుంచి గడగడా వెళ్ళిపోతోంది. చాకళ్ళు చవుటి నేలలకి వెళ్ళడం కూడా తగ్గిపోయింది, దొరల సీమ నుంచి ఓడల్లో వచ్చిన సోడా కొట్లో దొరుకుతోంది, ఏ బంట్రోతూ ఆ కొట్టు మీద పడడు. మన పిల్లలు కోర్టుల్లో ప్లీడర్లయి గంటలకొద్దీ ప్రశ్నలు వేస్తున్నారు. సోడియం గీతకీ ఉప్పుకీ ఉన్న తేడా ఇప్పుడు కాలేజీలో చేరిన ప్రతి కుర్రాడికీ వచ్చు, పరీక్షలో రాస్తే మార్కులు వేస్తున్నారు. ఆ రోజు కోర్టు హాల్లో అది ఒక్కరికే వచ్చు. ఆయన ఎవరైనా అడుగుతారేమోనని నిలబడి చూశారు.